మా కోడలి జబ్బు వేరు

ఆ రోజు పొద్దున ఆకాశం నిండా మబ్బు ఉంది. కురిసే మబ్బు కాదు. బూడిద పూసినట్టు పల్చగా, కదలకుండా పరుచుకుని ఉంది. వనస్థలిపురం వైపు సూర్యుడు ఎక్కడున్నాడో ఆనవాలు దొరకలేదు. గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూశాను. ఊళ్ళో ఉన్నప్పుడు వాన కోసం చూసేవాడిని. ఎల్బీనగర్ వచ్చాక కొన్నేళ్ళుగా మా కోడలి కోసం చూస్తున్నాను. ఎండ కాస్తే ఆమె కాళ్ళు ఆమె మాట వినవు. మబ్బు పట్టిన రోజైతే గోడ పట్టుకోకుండానే వంటింట్లోంచి కుట్టు మిషను దాకా వస్తుంది.

లోపలికి వెళ్ళి, "మబ్బున్నది బిడ్డా" అన్నాను.

"చూసిన మామా," అంది పద్మలత. అప్పటికే ఆకుపచ్చ చీర కట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. పొద్దున్నే తయారైపోయి, ఆ అలసట తీరేదాకా కాసేపు కదలకుండా కూర్చుంటుంది. తెలియని వాళ్ళు చూస్తే తీరిగ్గా కూర్చుందనుకుంటారు. అలా అనుకున్న వాళ్ళు మా వీధిలో చాలామంది ఉన్నారు.

ఆ రోజు చంపాపేట్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మా జిల్లా వాళ్ళ సంఘం మీటింగు. పద్మలత మందుకు సాయం చేస్తామని పిలిచారు. ఆమెకు ఆర్నెల్లకోసారి దవాఖానలో పడుకోబెట్టి మందు ఎక్కిస్తారు. ఈసారి గడువు దాటిపోయింది. కిందటేడు ఇలాగే ఆలస్యమైతే జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. కుడిచెయ్యి పడిపోయి కత్తెర పట్టలేకపోయింది. నెలలు గడిచాక మెల్లగా తిరిగి వచ్చింది. ఇంకోసారి పోతే వస్తుందని చెప్పలేనని డాక్టరమ్మ మా అందరి ముందే చెప్పింది. అందుకే మా అబ్బాయి మహిపాల్ సంఘం వాళ్ళను అడిగాడు. అడగడం వాడికి చేతకాదు. అడిగి వచ్చిన రోజు అన్నం తినకుండా పడుకున్నాడు.

ఆ చెయ్యి ఎలాంటిదో చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్ల వెనకాల ఒక కాంప్లెక్సు సెల్లార్లో పద్మలతకు చిన్న షట్టరు ఉండేది. మీర్‌పేట్ నుంచి, కొత్తపేట నుంచి ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డలు పట్టుకుని వచ్చేవారు. కొలతకు పాత జాకెట్టు ఇస్తే దాన్ని పక్కన పెట్టి, ఎదురుగా నిలబడ్డ మనిషిని ఒకసారి చూసేది. "మీరు కుడి భుజం జర కిందికి దించుతరు గదా" అనేది. ఆ మనిషికే తెలియని సంగతి అది. సుద్దతో రెండు గీతలు గీసి కత్తెర పెడితే మధ్యలో ఆపేది కాదు. ఆమె దగ్గర హెమ్మింగ్‌లు, హుక్కులు కుట్టే మనిషి అండాలు, "పద్మ కోసిన గుడ్డను అతుకుపెట్టి మల్ల నిండు తాను చెయ్యొచ్చు, గంత సక్కగ కోస్తది" అని అందరికీ చెప్పేది.

ముందు కన్ను మసకబారింది. ఎర్ర దారం పాత ఇటుక రంగులో కనిపిస్తోందని చెప్పింది. సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ అలా అయిందనుకున్నాం. కొన్ని వారాలకు అదే తగ్గిపోయింది. తర్వాత ఒకరోజు షట్టరు మూసి బస్సు దిగి ఇంటికి వచ్చింది. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. దారిలో ఎక్కడో జారిపోయింది. గడప దగ్గర నేను చూపిస్తే గానీ ఆమెకు తెలియలేదు. ఆ అరికాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. అదీ తెలియలేదు.

మా ఇంట్లో కాళ్ళ జబ్బంటే ఒక్కటే. మాది మర్రిగూడ దిక్కు ఊరు. మా బోరు నీళ్ళు ఎముకల్ని వంచేవి. నలభై ఏళ్ళకే నా మోకాళ్ళు రెండూ ఎడంగా వంగిపోయాయి, మెడ కొయ్యబారింది. పక్కనున్న మనిషిని చూడాలంటే నడుముతో సహా తిరగాలి. మా ఊళ్ళో ఇంటికొకరు ఇలా ఉన్నవాళ్ళమే. అందుకని పద్మలత కాళ్ళు తిమ్మిరెక్కి బిగుసుకుపోతుంటే ఊరు ఊరంతా నీళ్ళ పేరే చెప్పింది. నేనూ అదే చెప్పాను. మహిపాల్ మంచినీళ్ళ డబ్బాలు తెప్పించాడు. మునగాకు, చింతపండు తింటే ఫ్లోరైడ్ దిగిపోతుందని రోజూ వండి పెట్టాం. పుల్లటి చారు తాగీ తాగీ ఆమెకు పళ్ళు పులిసిపోయాయి. పద్మలత పుట్టి పెరిగింది ఇక్కడే, పట్నం పక్కన అల్మాస్‌గూడలో. మా ఊరి నీళ్ళు పండక్కి వచ్చినప్పుడు తప్ప ఆమె తాగింది లేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నీళ్ళు మార్చుకుంటూ మేం కూర్చున్నాం, జబ్బు దాని పని అది చేసుకుపోయింది.

రెండో కన్ను మసకబారినప్పుడు కళ్ళ డాక్టరు కాళ్ళ గురించి అడిగాడు. మేమెవ్వరం చెప్పకుండానే అడిగాడు. తల కిందికి వంచితే వీపులో కరెంటు కొట్టినట్టు ఉంటుందా అని కూడా అడిగాడు. మిషను మీదికి వంగిన ప్రతిసారీ ఉంటుందని పద్మలత చెప్పింది. అంతకు ముందు మాకు ఎన్నడూ చెప్పలేదు. అక్కడి నుంచి నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపారు, తల ఫోటో తీశారు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నారు, పొట్టిగా ఎం.ఎస్. వైరు మీది తొడుగు అక్కడక్కడా ఊడిపోతే కరెంటు సరిగ్గా పారనట్టే నరాల మీది పొర ఊడిపోతోందని డాక్టరమ్మ చెప్పింది. ఎవరి తప్పూ కాదని, నీళ్ళకూ దీనికీ సంబంధం లేదని చెప్పింది.

మందు ఖర్చు అందరికీ కనిపిస్తుంది. మిగతాది కనిపించదు. పైఅంతస్తు మెట్లెక్కలేక ఎక్కువ కిరాయికి కింది పోర్షన్‌కు దిగాం. బస్సు పోయి ఆటో వచ్చింది. ఎండాకాలం కూలరు ఆగకూడదని ఇన్వర్టర్ పెట్టించాం. కూర్చునే రకం లెట్రిన్ కట్టించాం. దిల్‌సుఖ్‌నగర్ షట్టరు వదిలేసి మిషను ఇంటికి తెచ్చుకుంది. మహిపాల్ తన మోటారుబండి అమ్మేశాడు. సరుకుల డీసీఎం వ్యాన్ నడిపేవాడు డ్యూటీ దిగి ఇంటికి నడిచి వస్తున్నాడు. ఇంత జరిగినా పద్మలత ఏ పూటా అప్పగింతల మొహం పెట్టలేదు. చల్లని పొద్దుల్లో తడిగుడ్డ మెడకు చుట్టుకుని కుట్టింది. ఎండెక్కగానే ఆపి పడుకుంది. కుట్టింది మాత్రం ఎప్పటిలాగే కుట్టింది.

అండాలు ఆటో తెచ్చింది. సాగర్ రింగురోడ్డు దాటాక చంపాపేట్ రోడ్డులో హాలు. మహిపాల్ ముందుగానే వచ్చి గేటు దగ్గర ఉన్నాడు. మొహం ఎలాగో ఉంది. వాడి వెనకాల పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. నేను నడుము తిప్పి చూశాను. పైన సంఘం పెద్దల ఫోటోలు వరసగా ఉన్నాయి. మధ్యలో నా ఫోటో, పక్కన పద్మలత ఫోటో. "ఫ్లోరైడ్ మహమ్మారి! ఒకే ఇంట్లో ఇద్దరు బాధితులు. ఆదుకుందాం, తరలి రండి" అని రాసి ఉంది.

పద్మలత ఆటోలోంచి దిగి, ఒక చెయ్యి అండాలు భుజం మీద వేసి, ఆ అక్షరాలు నిదానంగా చదివింది.

"ఏం ఫోటో పెట్టిండ్రే పద్మా, ఆధార్ కార్డుల ఫోటో దీనికన్న నయం," అంది అండాలు. పద్మలత నవ్వలేదు.

మహిపాల్ పోయి గజేందర్‌ను పిలుచుకొచ్చాడు. గజేందర్ సంఘం అధ్యక్షుడు. మా ఊరివాడే. మీర్‌పేట్ చుట్టుపక్కల ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు. నా భార్య పోయినప్పుడు అర్ధగంటలో బండి తెచ్చి నిలబెట్టిన మనిషి. తప్పు రాశారని మహిపాల్ అంటే, అతను మొదట నమ్మలేదు. తర్వాత తల గోక్కున్నాడు.

"పేరేదైతేంది తమ్మీ, కాళ్ళే గదా," అన్నాడు. "ఫ్లోరైడ్ అంటే మనోళ్ళకు కడుపుల దేవినట్టైతది, చెయ్యి జేబులకు పోతది. గా ఇంగ్లీషు పేరు జెప్తే ఎవనికి సమజైతది? పైసలు జమైనయి. కవర్ల వెట్టినం. స్టేజి మీద తీస్కొని ఒక దండం పెట్టుమను, అయిపాయె. నువ్వేమంటవ్ మట్టయ్య కాకా?"

నన్ను ఇలా చాలాసార్లు స్టేజి ఎక్కించారు. ఊళ్ళో ఎవరు వచ్చినా మమ్మల్ని కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టేవారు. పంచె మోకాళ్ళ పైకి లాగమనేవారు, ఫోటో తీసుకునేవారు. కాలు ఏ పక్కకు పెడితే ఫోటోలో బాగా వంకరగా కనిపిస్తుందో మాకే తెలిసిపోయేంత అలవాటైంది. నా జబ్బు నిజమే కాబట్టి నేను కూర్చున్నాను.

"నన్నెందుకు అడుగుతవు, ఆమెను అడుగు," అన్నాను.

పద్మలత బాత్రూమ్ ఎటు అని అడిగింది. అది మేడ మీద ఉందన్నారు. ఈ జబ్బులో అదొక బాధ, వచ్చిందంటే ఆపుకోలేరు. ఎక్కడికి పోయినా ఆమె ముందు అదే చూసుకుంటుంది. చాలా పెళ్ళిళ్ళకు దీనివల్లే పోవడం మానేసింది. అండాలు రెక్క పట్టుకుని మెట్లెక్కించింది. మహిపాల్ నా పక్కన నిలబడి, "ఏం చెయ్యాలె నాయినా? చెయ్యి పోతే మల్ల రాదన్నది గదా" అన్నాడు.  కాసేపటికి ఆమె మెట్లు దిగి వచ్చింది. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి దిగింది. మొహం కడుక్కుని, జుట్టు సర్దుకుని ఉంది. ఏదో తేల్చుకుందని నాకు అప్పుడే అనిపించింది. పెద్ద గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు కూడా ఆమె మొహం అలాగే ఉంటుంది.

హాలు నిండింది. మా ఇద్దరినీ స్టేజి మీదికి పిలిచారు. నేను కర్ర పట్టుకున్నాను, ఆమె నా రెక్క పట్టుకుంది. వంగిన మనిషీ తూలే మనిషీ కలిసి ఎక్కుతుంటే ముందు వరసల్లోంచి అయ్యో అయ్యో అని వినిపించింది. గజేందర్ మా ఊరి నీళ్ళ గురించి బాగానే మాట్లాడాడు. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత కవరు పద్మలత చేతిలో పెట్టి, రెండు ముక్కలు చెప్పమని మైకు ఇచ్చాడు.

ఆమె కవరు తీసుకుని ముందున్న బల్ల మీద పెట్టింది. మైకును రెండు చేతులా పట్టుకుంది.

"మా మామది ఫ్లోరైడే. నాది కాదు," అంది.

ఆమె మైకును ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది.

"నేను అల్మాస్‌గూడ పిల్లను. మీ ఊరి నీళ్ళు నేను తాగింది తక్కువ. నాది నరాల జబ్బు. దాని పేరు ఎం.ఎస్. నీళ్ళతోని రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. మొదలు కన్ను మసకైతది, మల్ల మంచిగైతది. మంచిగైందని మనం ఊకుంటం. తర్వాత కాళ్ళు మొద్దుబారుతయి. మేము గూడ నీళ్ళే అనుకున్నం. అనుకొని దినాలు పోగొట్టుకున్నం. నరాల డాక్టరు దగ్గరికి పోతే మందున్నది. శానా ఖరీదు. అందుకే ఇక్కడికి వచ్చిన. కానీ ఫ్లోరైడ్ పేరు మీద జమైన పైసలు ఆ జబ్బు ఉన్నోళ్ళయి. నేను తీస్కోను."

వెనకనుంచి ఎవడో, "మరెందుకు వచ్చినట్టు?" అన్నాడు.

"పిలిస్తే వచ్చిన అన్నా. బయట ఏం రాసిండ్రో వచ్చినంకనే చూసిన," అంది. "సాయం జెయ్యాలని ఉంటే పని ఇయ్యుండ్రి. నా కాళ్ళు ఆగమైనయి గానీ చేతులు మంచిగున్నయి. జాకెట్లు కుడ్త."

ఇది చాలదన్నట్టు కింద అండాలు లేచి నిలబడింది. "గీ జాకెట్టు ఆమె కుట్టిందే," అని చెయ్యి పైకెత్తింది. "చంక కాడ ఒక్క ముడత చూపియ్యుండ్రి, పేరు మార్చుకుంట." జనం గొల్లుమన్నారు. కళ్ళు తుడుచుకుంటున్న వాళ్ళు కూడా నవ్వారు.

గజేందర్ నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. కవరు తీసి ఆమె వైపు పెట్టాలా, తన జేబులో పెట్టుకోవాలా తెలియక అటూ ఇటూ చూసి నా వైపు చాపాడు. ఫ్లోరైడ్ మనిషిని నేనే కదా. పైకి ఎక్కాక నేను మాట్లాడిన మాట ఇదొక్కటే.

"నా కాళ్ళకు మందు లేదు గజేందరూ. మన ఊరి బడిల నీళ్ళ ఫిల్టర్ పాడై పడున్నదట. గది బాగు జేయించు."

చప్పట్లు పెద్దగా కొట్టలేదు. అక్కడొకరు ఇక్కడొకరు కొట్టారు. నాకు అవి అక్కర్లేదు కూడా. స్టేజి మీద ఎన్నిసార్లు కూర్చున్నా అక్కడ నడుము నిటారుగా పెట్టాలని నాకు ఎన్నడూ అనిపించలేదు. ఆ రోజు అనిపించింది. ఎముక వంగే ఉంది, అది ఇక నిటారు కాదు. అయినా నేను నిలబడ్డట్టే ఉంది. మెట్లు దిగేటప్పుడు ఆమె నా రెక్క పట్టుకుందో, నేను ఆమెది పట్టుకున్నానో చెప్పలేను.

కింద మహిపాల్ ఎదురొచ్చాడు. కోపంగా ఉన్నాడు. భయపడ్డప్పుడు వాడికి కోపం వస్తుంది.

"ఇప్పుడు మందు ఎట్లనే?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎట్లనో అట్ల తెస్తం," అంది పద్మలత. "నీ కష్టం నాకు తెల్వదా? కానీ నా జబ్బు పేరే నేను దాసుకుంటే, రేపు మందు పనిజేసి నేను లేచి నిలబడ్డా నీళ్ళు మారి బాగైందంటరు. ఇంకో పిల్లను డబ్బా నీళ్ళు తాగుమని కూసోబెడ్తరు."

వాడు ఇంకేమో అనబోయాడు. అప్పుడే ఒక ముసలామె జనంలోంచి తోసుకుంటూ వచ్చింది. వెనక ఇరవై దాటిన ఆడపిల్ల ఉంది. ముసలామె పేరు సైదమ్మ, మునుగోడు దిక్కు నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో ఉంటున్నారట. ఆమె పద్మలతను పైనుంచి కిందిదాకా చూసింది.

"బిడ్డా, నువ్వు చెప్పింది మల్ల చెప్పు," అంది. "మా మనవరాలికి పోయిన చలికాలం కన్ను మసకై మల్ల మంచిగైంది. ఇప్పుడు కాలు గుంజుతదంటది. మేము నీళ్ళే అనుకుంటున్నం."

పద్మలత ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. తల వంచితే వీపులో ఏమన్నా అవుతుందా అని అడిగింది.  పిల్ల అవునన్నట్టు తల ఊపింది. అదే జబ్బని తాను చెప్పలేనని, చెప్పాల్సింది డాక్టరేనని, కానీ ఈ వారం దాటనివ్వకుండా నరాల డాక్టరుకు చూపించమని పద్మలత చెప్పింది. తనకు చూసే డాక్టరమ్మ పేరు, పోవాల్సిన రోజు చెప్పి, తోడు రమ్మంటే వస్తానంది. అన్నీ విన్నాక ఆ పిల్ల మొదటిసారి నోరు తెరిచి, "ఇది ఉంటే పని చేస్కోవచ్చా అక్కా?" అంది.

"నేను చేస్తలేనా?" అంది పద్మలత.

మహిపాల్ ఇదంతా పక్కనే నిలబడి చూశాడు. తర్వాత పోయి భార్యకు చల్లని నీళ్ళ గ్లాసు తెచ్చాడు. ఒక చేతిగుడ్డ తడిపి ఆమె మెడ మీద వేశాడు. జనంలో వాడు అలాంటి పని చేయడం నేను అంతకు ముందు చూడలేదు.

భోజనాలకు పిలుస్తున్నారు. తినకుండా పోదామనుకున్నాం. కానీ ఆమె అలసిపోయింది, కాసేపు కూర్చోక తప్పదు. మూలనున్న బల్ల దగ్గర కూర్చున్నాం. కూర్చున్న కాసేపటికి గజేందర్ వచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు. ఫ్లెక్సీ విప్పించేశానన్నాడు. నేను తల ఊపలేను కాబట్టి కళ్ళతో సరే అన్నాను.

"చెల్లె, మా సంఘం ఆడోళ్ళు బతుకమ్మకు ఒక్కతీరు చీరలు గడ్తరు," అన్నాడు. "జాకెట్లన్నీ కలిపి ఒక్కకాడనే కుట్టిస్తం. నువ్వు కుడ్తవా? సాయం కాదు. పని. అడ్వాన్స్ ఇస్త."

ఆమె వెంటనే ఒప్పుకుంటుందనుకున్నాను. మహిపాల్ కూడా అదే అనుకున్నట్టున్నాడు, ముందుకు వంగాడు.

"పొద్దుగాల్ల చల్లగున్నప్పుడే కుడ్త. ఎండెక్కితే బంద్," అంది పద్మలత. "మందు ఎక్కించుకున్న వారం మిషను ముట్ట. తొందరవెట్టొద్దు. గుడ్డ ఇప్పుడే ఇయ్యాలె, పండుగ ముందల తెచ్చి నెత్తిన పడేస్తే కుదరదు. మనిషి వచ్చి నిలబడాలె, పాత జాకెట్టు పంపితే కుట్ట."

"గింత గరమా?" అన్నాడు గజేందర్.

"గరం కాదే అయ్యా, గదే ఆమె రేటు," అంది అండాలు.

అతను మొదటిసారి నవ్వి, ఒప్పుకున్నాడు. ఆ అడ్వాన్స్‌తో మందు మొత్తం రాదు. కొంత వస్తుంది. మిగతాది మహిపాల్ విజయవాడ ట్రిప్పులు ఒప్పుకుంటే వస్తుందేమో, రాకపోతే డాక్టరమ్మనే అడగాలి. ఆ సంగతి మా అందరికీ తెలుసు. అయినా ఎవరి మొహంలోనూ పొద్దున్నటి నలుపు లేదు.

వడ్డించే వాళ్ళు వచ్చారు. గజేందర్ పెద్దల బల్ల దగ్గరికి పోతాడనుకున్నాం. కుర్చీ లాక్కుని మా దగ్గరే కూర్చున్నాడు. సైదమ్మ మనవరాలిని పద్మలత పక్కన కూర్చోబెట్టి తాను చివర కూర్చుంది. బగారా అన్నం, గుత్తి వంకాయ, పచ్చిపులుసు పెట్టారు. పద్మలత కుడిచేత్తో అన్నం కలుపుకుంది. వేళ్ళు కొంచెం వణికాయి, ముద్ద కుదిరేదాకా నిదానంగా కలిపింది. మహిపాల్ ఆమె విస్తరి వైపు చూడకుండా తన విస్తరి వైపే చూస్తూ, ఆమెకు అందేలా పచ్చిపులుసు గిన్నె దగ్గరికి జరిపాడు. చుట్టూ బల్లల దగ్గర గోలగా ఉంది.  మా బల్ల దగ్గర అందరం కడుపునిండా తిన్నాం.